మీ ఉత్తరంలోని చివరి వాక్యాలే మీ ప్రెజెంటేషన్

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను, తర్వాత వ్యవసాయంలో ఎమ్మెస్సీ చేశాను. రైతులతో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో మండల సమన్వయకర్త ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. 10 నిమిషాల ప్రెజెంటేషన్, ఆపైన 5 నిమిషాల ప్రశ్నలు. విషయం వాళ్లే ఇచ్చారు: 'వేరుశనగ ఒక్కటే వేసే రైతులను అంతర పంటల వైపు తీసుకురావడానికి మొదటి ఏడాదిలో మీరేం చేస్తారు?' ఇప్పటికి 32 స్లైడ్లు తయారయ్యాయి. చదివితే 24 నిమిషాలు పడుతోంది. ఏది తీసేయాలో తెలియడం లేదు. కిందటేడు ఒక ఇంటర్వ్యూలో సగంలో ఉండగానే 'సమయం అయిపోయింది' అని ఆపేశారు. అప్పటి నుంచి నలుగురి ముందు నిలబడితే గొంతు ఎండిపోతోంది. ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తుందేమోనన్నది ఇంకో భయం. గడువు ఇంకా 8 రోజులే ఉంది. మరో మాట. మూడేళ్ల కిందట మా నాన్నను ఒప్పించి రెండెకరాల వేరుశనగలో కంది సాళ్లు వేయించాను. మొదటి ఏడు బాగానే వచ్చింది. మరుసటి ఏడు మేకలు మేసేశాయి, నాన్న ఇక వద్దన్నారు. ఇలాంటి ఇంటి సంగతులు ప్రెజెంటేషన్‌లో పెట్టకూడదు కదా?

సమాధానం: పెట్టాలమ్మా. అన్నిటికంటే ముందు అదే పెట్టాలి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్లైడ్ల గురించి, భయం గురించి అంత రాసి, వాళ్లడిగిన ప్రశ్నకు అసలైన జవాబును చివరి నాలుగు వాక్యాల్లోకి నెట్టేశారు. అది చాలదన్నట్టు 'పెట్టకూడదు కదా' అని ముందే కొట్టేశారు కూడా. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. పల్లె నుంచి వచ్చి బాగా చదువుకున్న పిల్లలు చాలామంది తమ ఇంటి అనుభవాన్ని గుమ్మం బయటే విడిచి, పుస్తకాన్ని మాత్రమే లోపలికి తెస్తారు. నేను పదిహేనేళ్లు ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు కూర్చున్నాను. అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో చెబుతాను.

రోజుకు పది, పన్నెండు మందిని చూస్తాం. నాలుగో అభ్యర్థి వచ్చేసరికి స్లైడ్లన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. పరిచయం, లక్ష్యాలు, పద్ధతి, ఆశించే ఫలితాలు, ఆఖరున పూలగుత్తితో ధన్యవాదాలు. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందని ఒకరు చెబుతారు. దాని శాస్త్రీయ నామం ఇంకొకరు చెబుతారు. అందులో తప్పేమీ ఉండదు. కానీ ఈ అమ్మాయికి మండలం అప్పగిస్తే సోమవారం పొద్దున ఎక్కడికి వెళ్తుంది, ఎవరితో మాట్లాడుతుంది అన్నది మాత్రం తెలియదు. మేం వెతికేది అదే. అలాంటి రోజున ఎవరైనా లేచి 'రెండో ఏడు మా కందిని మేకలు మేశాయి' అంటే బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ పైకి లేస్తాయి.

మీ చేలో జరిగింది చిన్న సంగతి కాదు. వేరుశనగను అక్టోబరులో పీకేస్తారు. కంది మాత్రం డిసెంబరు, జనవరి దాకా నిలబడే ఉంటుంది. వేరు లోతుగా దిగుతుంది కాబట్టి వెనకవానలను వాడుకుంటుంది. వేరుశనగ ఎండినా కంది ఎంతో కొంత ఇస్తుందన్న నమ్మకానికి ఆధారం అదే. అయితే వేరుశనగ చేలు ఖాళీ కాగానే ఊరి మేకలు, గొర్రెలు వాటిలోకి దిగుతాయి. అది ఊరిలో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. చుట్టూ అందరి చేలూ ఖాళీగా ఉండి మీ ఒక్క చేనే పచ్చగా ఉంటే మేకలు ఎటు పోతాయి? అంటే మీ నాన్నగారు కందిని వద్దన్నది దాని విలువ తెలియక కాదు, ఒంటరిగా కాపాడుకోలేక. అవగాహన సదస్సులు పెట్టినంత మాత్రాన ఇది తీరదు. ఒక దిక్కున పక్కపక్కనే ఉన్న చేల రైతులంతా కలిసి వేయాలి, కాపరులతో ముందే మాట్లాడుకోవాలి. 'మొదటి ఏడాదిలో ఏం చేస్తారు' అన్న ప్రశ్నకు జవాబు మీ చేలోనే దొరికింది, చూశారా?

ఇక ఆ 32 స్లైడ్ల సంగతి. ఒక్కొక్కటీ తీసేస్తూ కూర్చుంటే మనసు ఒప్పదు, ప్రతిదీ అవసరమే అనిపిస్తుంది. ఆ ఫైలును పక్కన పెట్టి రెండు రోజులు కంప్యూటర్ తెరవకండి. ఒక తెల్లకాగితం తీసుకుని పైన ఒకే వాక్యం రాయండి: మొదటి ఏడాది నేను ఫలానా పని చేస్తాను, ఎందుకంటే ఫలానా. మీ విషయంలో అది ఇలా ఉండవచ్చు: 'ఒక్కో ఊరిలో ఒక దిక్కు చేలను ఎంచుకుని, ఆ రైతులనూ కాపరులనూ విత్తనానికి ముందే ఒకచోట కూర్చోబెడతాను. ఎందుకంటే కంది ఆగిపోయేది విత్తే దగ్గర కాదు, కాపాడుకునే దగ్గర.' తర్వాత పాత స్లైడ్లను ఒక్కొక్కటిగా తీసి ఈ వాక్యం పక్కన పెట్టి చూడండి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలన్న స్లైడు ఉందనుకుందాం. మంచి సలహాయే, కానీ వాళ్లు అడిగిన ప్రశ్నకు సంబంధించింది కాదు. తీసేయండి. కదిరి వేరుశనగ రకాల పట్టిక ఉందా? అదీ వద్దు, ఎవరైనా అడిగితే నోటితో చెప్పండి. ఇలా చూస్తూ పోతే ఆరేడు మిగులుతాయి. పది నిమిషాలకు అవి చాలు.

వర్షపాతం గురించి ఒక్క స్లైడు ఉంచండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో కురిసే చోట వేరుశనగ ఒక్కదాని మీదే ఆధారపడటం ఎందుకు ప్రమాదమో దానితో తెలుస్తుంది. జిల్లా లెక్కలు వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు ప్రచురించిన విస్తీర్ణాలు, దిగుబడులు ఉమ్మడి అనంతపురం జిల్లావి. ఆ అంకెకు కొత్త జిల్లా పేరు తగిలిస్తే, ఆ ప్రాంతంలో పనిచేసినవారు వెంటనే పట్టుకుంటారు. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా అంకెలనూ అనుమానంగానే చూస్తారు.

మీ ప్రణాళికలో నెలల పేర్లు ఉండాలి. మే నెలలో ఎవరితో కూర్చుంటారు, జూన్, జూలైలో విత్తేటప్పుడు ఏం చూస్తారు, అక్టోబరులో వేరుశనగ పీకాక ఎవరు కాపలా, జనవరిలో కంది తూకం వేసి ఆ లెక్క ఎవరికి చూపిస్తారు. కాపరుల మాట వచ్చినప్పుడు వాళ్లను శత్రువుల్లా చూపించవద్దు. రాత్రిళ్లు చేలో మంద కట్టించుకుని ఎరువు వేయించుకునేది కూడా ఈ రైతులే. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉంది, ఒప్పందం కుదరడానికి అదే దారి. ఈ ముక్క చెబితే మీకు ఊరు తెలుసని వేరే చెప్పుకోనక్కరలేదు.

ఒక చేను అనుభవం ఒక చేను అనుభవమే. 'మీ రెండెకరాల్లో జరిగింది మండలమంతా జరుగుతుందా?' అని తప్పక అడుగుతారు. అందుకే ఈ ఎనిమిది రోజుల్లో ఒక రోజును స్లైడ్లకు కాక ఊళ్లకు ఇవ్వండి. మీ ఊరిలో, పక్క ఊరిలో కలిపి పదిమంది రైతులను ఒకటే అడగండి: కంది సాళ్లు ఎప్పుడైనా వేశారా, వేసి ఉంటే ఎందుకు మానేశారు? జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆరుగురు మేకలంటే మీ మాటకు బలం. ఎక్కువమంది కూలీలు దొరకలేదనో, కంది విత్తనం వేళకు అందలేదనో చెబితే ప్రణాళిక మార్చండి. ఆ మార్పును దాచవద్దు. 'నేను మేకలే కారణమనుకున్నాను, పదిమందిని అడిగాక ఇది తెలిసింది' అనడం కంటే పెద్ద అర్హత ఈ ఉద్యోగానికి నాకు తోచదు.

మొదటి అర నిమిషం గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎక్కువమంది పోగొట్టుకునేది దాన్నే. బల్ల చుట్టూ ఉన్నవారందరికీ పేరుపేరునా వందనాలు, అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, నా పేరు, నా చదువు, ఈరోజు నేను మాట్లాడబోయే విషయం... ఇవన్నీ వాళ్ల ముందున్న కాగితంలో ఉన్నవే. నమస్కారం ఒక్కటి చాలు. తర్వాత ఇలా మొదలుపెట్టి చూడండి:

'మూడేళ్ల కిందట మా రెండెకరాల వేరుశనగలో మా నాన్న కంది సాళ్లు వేశారు. మొదటి ఏడు కంది ఇంటికి వచ్చింది. రెండో ఏడు మేకలు మేశాయి. మూడో ఏడు ఆయన వేయలేదు. చుట్టుపక్కల చేలన్నీ ఖాళీ అయ్యాక మా ఒక్క చేనే పచ్చగా నిలబడింది, దాన్ని కాపాడటం ఆయన ఒక్కరి వల్ల కాలేదు. మొదటి ఏడాదిలో నేను పట్టుకోబోయేది ఈ ఒక్క ముడినే.'

పైకి చదవండి, అర నిమిషం పడుతుంది. ఇందులో ఒక్క కష్టమైన మాట లేదు. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పే హక్కులేని వాక్యాలివి. ఇవి చెప్పేటప్పుడు తెర మీద మీ చేను ఫోటో ఒక్కటే ఉండాలి. ఫోటో లేకపోతే వేరుశనగ సాళ్లకు పదకొండు సన్న గీతలు, పక్కన కంది సాలుకు ఒక పొడుగు గీత గీసి పెట్టండి. హైదరాబాదు నుంచో ఇతర రాష్ట్రాల నుంచో వచ్చిన సభ్యులకు సాలు అంటే ఏమిటో ఆ బొమ్మ చెబుతుంది.

సమయం విషయంలో పదికి పదీ నింపవద్దు. ఇంట్లో ఎనిమిదిన్నర నిమిషాలకు ముగిసేలా తయారైతే అక్కడ తొమ్మిదిన్నర అవుతుంది. కంప్యూటర్ తెరుచుకోవడానికి కొంత పోతుంది, మధ్యలో ఎవరో ఒక మాట అడుగుతారు. నింపాదిగా మాట్లాడితే ఇంగ్లీషులో నిమిషానికి 120 మాటల వరకు వస్తాయి. తెలుగులో మాట పొడుగు కాబట్టి 80, 90 దాటవు. రాసుకున్నదాంట్లో మాటలు లెక్కపెడితే ఎక్కువైందో లేదో చదవకముందే తెలిసిపోతుంది.

కిందటేడు సగంలో ఆపేశారన్నారు. ఆ గాయం మానాలంటే ముగింపు మీ చేతిలో ఉండాలి. ఆఖరి స్లైడును విడిగా, దానంతట అది నిలబడేలా తయారుచేసుకోండి. ఏడాది చివర మీరు చూపించగలిగే ఒకటి రెండు ఫలితాలు దాని మీద ఉండాలి. ఎనిమిదో నిమిషం దాటేసరికి ఎక్కడున్నా సరే నేరుగా అక్కడికి వెళ్లండి. పవర్‌పాయింట్ ప్రదర్శన నడుస్తున్నప్పుడు ఆ స్లైడు అంకె కొట్టి ఎంటర్ నొక్కితే మధ్యలోవి కనిపించకుండా అదే వస్తుంది. ఆ అంకెను చేతిలోని అట్ట మీద రాసుకోండి. ఇక ఎవరూ మిమ్మల్ని సగంలో ఆపలేరు.

ఇంగ్లీషు భయానికి మొదటి మందు, ఫోన్ చేసి అడగడం. ఏ భాషలో మాట్లాడాలి, బల్ల దగ్గర ఎంతమంది ఉంటారు, కంప్యూటర్ వాళ్లదేనా అని పిలుపు పంపినవారిని అడగండి. 'ఏమనుకుంటారో' అని మన పిల్లలు అడగరు. ఏమీ అనుకోరు, పద్ధతిగా తయారవుతున్నారనుకుంటారు. రైతులతో పని కాబట్టి తెలుగులో చెప్పమన్నా అనవచ్చు. ఇంగ్లీషులోనే అంటే, ముందు మొత్తం తెలుగులో చెప్పుకుని, తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులోకి తెచ్చుకోండి. ఊపిరి ఒకసారి తీసుకుంటే పూర్తయ్యేంత వాక్యం చాలు. సాలు, మంద లాంటి మాటలను తెలుగులోనే పలికి ఒక్కసారి అర్థం చెప్పండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఎక్కువగా తడబడేది వ్యాకరణంలో కాదు, అంకెల దగ్గర. మనసులో తెలుగులో లెక్కపెట్టుకుని నోటితో ఇంగ్లీషులో పలకాలి కదా, అక్కడ నాలుక ఆగుతుంది. మీ స్లైడ్లలో ఉన్న ప్రతి అంకెనూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని రోజూ పదిసార్లు పైకి చదవండి. 'నా ఇంగ్లీషు అంత బాగుండదు, క్షమించండి' అని మాత్రం అనవద్దు. అప్పటిదాకా మేకల గురించి వింటున్నవారు ఆ క్షణం నుంచి తప్పులు వినడం మొదలుపెడతారు.

సాధన మనసులో చదువుకోవడం కాదు. నిలబడి, ఆరోజు కట్టుకోబోయే బట్టల్లో, గొంతెత్తి చెప్పాలి. మొదటిసారి మీ నాన్నగారి ముందు తెలుగులో చెప్పండి. ఆయన మధ్యలో 'అది అట్లా కాదమ్మా' అంటే అక్కడ ఆగి అడిగి తెలుసుకోండి. ఈ విషయంలో ఆయన కంటే మంచి పరీక్షకుడు మీకు దొరకరు. తర్వాత వ్యవసాయం తెలియని స్నేహితురాలికి చెప్పి, 'నేనేం చేస్తానన్నాను?' అని ఒక్క ప్రశ్న అడగండి. ఆమె చెప్పలేకపోతే లోపం ఆమెది కాదు. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి మన గొంతు మనకే నచ్చదు, ఆ సంగతి వదిలేసి ఎక్కడ పరుగెత్తారో, ఎక్కడ 'అంటే, అంటే' అన్నారో చూసుకోండి. మొత్తం కంఠతా పట్టవద్దు. ఒక్క మాట జారితే వెనకాల ఉన్నవన్నీ జారిపోతాయి. మొదటి నాలుగు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా రావాలి.

గొంతు ఎండటం గురించి. భయపడినప్పుడు నోట్లో లాలాజలం తగ్గుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. వాక్యం మధ్యలో ఊపిరి అయిపోయి గొంతు పట్టేసినట్టు అనిపిస్తుంది. అది శరీరం చేసే పని, మీ చేతకానితనం కాదు. పిలవకముందు రెండు గుక్కల నీళ్లు తాగండి, సీసా దగ్గరే ఉంచుకోండి. లేచి నిలబడ్డాక ఊపిరిని నెమ్మదిగా, పూర్తిగా బయటికి వదలండి, ఆ తర్వాతే మొదటి మాట. మధ్యలో నీళ్లు తాగినా ఎవరూ తప్పుపట్టరు. చేతులు వణుకుతాయనుకుంటే పలచటి కాగితం పట్టుకోవద్దు, అది వణుకును నలుగురికీ చూపిస్తుంది. పోస్టుకార్డంత మందపాటి అట్ట పట్టుకోండి. తెర వైపు తిరిగి చదవకండి. ఒక్కో వాక్యం ఒక్కో మనిషి ముఖం చూసి చెప్పండి. తల ఊపుతూ వినేవారు ఒక్కరైనా ఉంటారు, తడబడినప్పుడు వారి వైపు చూడండి.

స్లైడ్ల తయారీలో పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. అక్షరాలు 28 సైజుకు తగ్గకూడదు, ఒక స్లైడుకు ఒక విషయం. తెలుగు అక్షరాలు వాడితే ఒక ప్రమాదం ఉంది: మీ కంప్యూటర్‌లోని ఫాంటు అక్కడ లేకపోతే అక్షరాలన్నీ గజిబిజి గుర్తులైపోతాయి. యూనికోడ్‌లో టైపు చేసి, పీడీఎఫ్ ప్రతి కూడా పెట్టుకోండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మీ ఈమెయిల్‌లో. కాగితం మీద ఐదు ప్రతులు అచ్చు వేయించి తీసుకెళ్లండి. కరెంటు పోయినా, ప్రొజెక్టర్ మొరాయించినా కాగితాలు చేతికిచ్చి ఆగకుండా చెప్పుకుపోవచ్చు.

ఐదు నిమిషాల ప్రశ్నలను తక్కువగా చూడకండి. స్లైడ్లు ఎవరి సాయంతోనైనా తయారుకావచ్చు, జవాబులు మాత్రం మీవే అని బల్ల అవతల ఉన్నవారికి తెలుసు. 'కంది వేస్తే వేరుశనగ తగ్గదా?' అంటే లెక్క చెప్పండి. పదకొండు సాళ్లకు ఒకటి వేస్తే పన్నెండింటిలో ఒక సాలు పోతుంది, అంటే వందకు ఎనిమిది సాళ్లు. ఏడుకు ఒకటి అయితే ఎనిమిదింటిలో ఒకటి, వందకు పన్నెండున్నర. ఏది వేయాలో రైతు తేల్చుకుంటాడు. 'కాపరులు ఒప్పుకోకపోతే?' అన్న ప్రశ్నకు జవాబు నేను చెప్పను, మీ ఊరి కాపరిని అడిగి తెలుసుకోండి. మీకు తెలియనిది అడిగితే అల్లవద్దు. 'ఆ అంకె నా దగ్గర లేదు, కదిరి పరిశోధన స్థానంలోనో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగి తెలుసుకుంటాను' అనండి. ఎక్కడ అడగాలో తెలిసిన మనిషి మండలానికి పనికొస్తుంది.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ నాన్నగారిని ఒక్కటి అడగండి: ఆ మేకలు చేలో పడింది ఏ నెలలో, వేరుశనగ పీకిన ఎన్ని రోజులకు? ఆయన చెప్పిన ఆ రోజుల లెక్క మీ రెండో స్లైడు మీద ఉండాలి.